పొదల్లో తుప్పు పట్టిన బండి.. దానికి యజమాని లేడనుకుంటున్నారా?

ఆదివారం పొద్దున్నే ఇబ్రహీంపట్నం దాటి మూలపాడు వైపు నడకకు వెళ్లారనుకోండి. కొండపల్లి రిజర్వు ఫారెస్టు అంచున, తుమ్మ పొదల మధ్య ఓ పాత కారు కనిపించింది. టైర్లు లేవు. అద్దాలు పగిలిపోయాయి. ఇంజిన్ ఉండాల్సిన చోట గడ్డి మొలిచింది. వెనక మాత్రం సగం చెరిగిన నంబరు ప్లేటు మిగిలింది. ‘ఏపీ 16’ వరకు చదవగలుగుతున్నారు.

అడవి దాకా ఎందుకు? మీ వీధి చివర చూడండి. ఫ్లైఓవర్ కింద, కాలువ గట్టు మీద, అపార్ట్‌మెంట్ సెల్లార్ మూలన, పోలీస్ స్టేషన్ ప్రహరీ పక్కన ఇలాంటి బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. నెలలు గడుస్తాయి. ముందు బ్యాటరీ మాయమవుతుంది. తర్వాత చక్రాలు. చివరికి పిల్లులు కాపురం పెడతాయి.

ఇలాంటి బండిని చూడగానే మనకు వచ్చే మొదటి ఆలోచన.. ‘ఎవరో వదిలేసి పోయారు’ అని. రెండో ఆలోచన.. ‘ఇక ఇది ఎవరిదీ కాదు’ అని. మొదటిది నిజం కావచ్చు. రెండోది మాత్రం కాదు. చట్టం దృష్టిలో యజమాని లేని బండి దాదాపు ఉండదు. ఆర్సీలో ఎవరి పేరుంటే వారే దానికి జవాబుదారీ. బండి కదలడం మానేసినా, దాని నంబరు మాత్రం రవాణా శాఖ రికార్డుల్లో బతికే ఉంటుంది. ఆ నంబరు మీదైతే, ఆ బండి చేసే ప్రతి గొడవా మీ తలుపే తడుతుంది.

అసలు ఈ బండ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? తీసే బాధ్యత ఎవరిది? మీకు కనిపిస్తే ఏం చేయాలి? మీదే అయితే ఎలా వదిలించుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మన దగ్గర వదిలేసిన బండ్ల వెనక ప్రధానంగా నాలుగు దారులు కనిపిస్తాయి.

మొదటిది, వయసు. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి బైకుకు రూ.300 నుంచి రూ.1,000కి, కారుకు రూ.600 నుంచి రూ.5,000కు పెంచింది. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో మళ్లీ పెంచి, బైకుకు రూ.2,000, కారుకు రూ.10,000 చేసింది. దీనికి మరమ్మతులు, గ్రీన్ ట్యాక్స్ కలుపుకుంటే పాత బండి విలువకు మించిపోతుంది. ‘తర్వాత చూద్దాంలే’ అని పక్కన పెట్టిన బండి అక్కడే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. 15 ఏళ్లు నిండితే బండిని తుక్కు చేయాల్సిందేనని చాలామంది అనుకుంటారు. డీజిల్‌కు 10 ఏళ్లు, పెట్రోలుకు 15 ఏళ్లు అన్న ఆంక్షలు ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర ఫిట్‌నెస్ ఉండి, రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటే సొంత బండిని నడుపుకోవచ్చు. ప్రభుత్వ వాహనాల సంగతి వేరు. 15 ఏళ్లు దాటిన వాటికి 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు.

రెండోది, దొంగతనాలు, అక్రమ రవాణా. అడవుల్లో దొరికే బండ్లలో వీటి వాటా చిన్నది కాదు. శేషాచలంలో ఎర్రచందనం ముఠాలు టాస్క్‌ఫోర్స్ వెంటపడగానే బండి వదిలి చీకట్లో పరుగెత్తడం మనం వార్తల్లో తరచూ చదివేదే. ఏజెన్సీ నుంచి గంజాయి తెచ్చే బండ్లదీ ఇదే కథ.

మూడోది, సీజ్ చేసిన బండ్లు. ప్రమాదం కేసు, ఇసుక కేసు, మద్యం కేసు.. ఏ కేసైనా బండి స్టేషన్‌కు వస్తుంది. తెలంగాణ సరిహద్దున జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో మద్యం తనిఖీలు ముమ్మరంగా సాగిన రోజుల్లో పట్టుబడిన బండ్లు ఎన్నో. కేసు ముగిసేసరికి బండి పని అయిపోతుంది.

నాలుగోది, వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విరుచుకుపడినప్పుడు సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ దెబ్బకు మూలనపడిన బండ్ల గురించి కాసేపట్లో మాట్లాడుకుందాం.

నంబరు ప్లేటు ఏం చెబుతుంది?

మళ్లీ పొదల్లోని కారు దగ్గరికి వద్దాం. ‘ఏపీ 16’ అంటే ఉమ్మడి కృష్ణా జిల్లా రిజిస్ట్రేషన్. 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ అనే ఒకే సిరీస్ వచ్చింది. కాబట్టి ‘ఏపీ 16’ కనిపిస్తే ఆ బండి అంతకుముందు రిజిస్టరైనదని వెంటనే చెప్పొచ్చు.

పూర్తి నంబరు ఉంటే పరివాహన్ పోర్టల్‌లో గానీ, ఎం పరివాహన్ యాప్‌లో గానీ లాగిన్ అయి చూడొచ్చు. బండి ఏ రకం, ఏ ఆఫీసులో రిజిస్టరైంది, ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు ఉంది వంటివి తెలుస్తాయి. యజమాని పేరు పూర్తిగా కనిపించదు. కొన్ని అక్షరాల చోట చుక్కలుంటాయి. అది మంచిదే. ఆ పేరు పట్టుకుని మనం వెతుక్కుంటూ వెళ్లాల్సిన పని లేదు. అది పోలీసుల పని.

ప్లేటు లేకపోయినా దారి మూసుకుపోదు. ప్రతి బండికీ ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఉంటాయి. ప్లేటు మార్చడం ఐదు నిమిషాల పని. ఇనుము మీద చెక్కిన నంబరును ఆనవాలు లేకుండా చెరపడం అంత తేలిక కాదు. అసలు ప్లేటు ఒకటి, ఛాసిస్ నంబరు ఒకటి చెబుతున్నాయంటే అది వదిలేసిన బండి కాదు, కేసు ఉన్న బండి అని అనుమానించాలి.

పది గంటల నిబంధన ఎక్కడ పనికొస్తుంది?

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 127 ఉంది. బహిరంగ ప్రదేశంలో ఒక బండిని పది గంటలు, అంతకు మించి ఎవరూ పట్టించుకోకుండా వదిలేస్తే, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని టోయింగ్ చేయించవచ్చు. చక్రానికి క్లాంపు వేయించవచ్చు. రాకపోకలకు ప్రమాదంగా ఉంటే పది గంటలు ఆగాల్సిన అవసరం కూడా లేదు. ఆ ఖర్చంతా యజమానిదే.

మరి పది గంటలు కాదు, పది నెలలుగా ఉన్న బండ్లను ఎందుకు తీయడం లేదు? పని ఒత్తిడి, తీసినా పెట్టడానికి చోటు లేకపోవడం అసలు కారణాలు. వాటితో పాటు చట్టంలో ఒక మెలిక ఉంది. ఆ సెక్షన్ వర్తించేది ‘బహిరంగ ప్రదేశానికి’ మాత్రమే. అంటే జనం హక్కుగా వెళ్లి రాగలిగిన చోటు.

ఈ మాటకు ఎంత బరువుందో 2025 ఆగస్టులో మన రాష్ట్ర కేసులోనే సుప్రీంకోర్టు చూపించింది. విశాఖ స్టీల్ ప్లాంట్ లోపల, గోడల మధ్య ఉన్న యార్డులో మాత్రమే తిరిగే బండ్లకు మోటారు వాహన పన్ను అడగకూడదని తీర్పు ఇచ్చింది. అది బహిరంగ ప్రదేశం కాదన్నదే కారణం.

దీన్ని మన ఊరికి అన్వయించి చూడండి.

బందరు రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ కింద ఉన్న బండి బహిరంగ ప్రదేశంలో ఉన్నట్టు. సెక్షన్ 127 నేరుగా పనిచేస్తుంది. ట్రాఫిక్ పోలీసులను అడగొచ్చు. దారికి అడ్డుపడిందని నగరపాలక సంస్థకూ ఫిర్యాదు చేయొచ్చు.

రిజర్వు ఫారెస్టులో ఉన్న బండి వేరు. అక్కడికి జనానికి హక్కుగా ప్రవేశం లేదు. అది అటవీ శాఖ పరిధి. ఏపీ అటవీ చట్టం 1967లోని సెక్షన్ 44 కింద అటవీ నేరానికి వాడిన బండిని స్వాధీనం చేసుకునే అధికారం ఆ శాఖకు ఉంది. అయితే ముందు ఆ బండితో నేరం జరిగిందని తేలాలి. ఊరికే వదిలేసిన తుక్కు అయితే మళ్లీ పోలీసుల ద్వారా యజమానిని వెతకాల్సిందే.

ఖాళీ స్థలంలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్న బండి మరీ చిక్కు. అది ప్రైవేటు స్థలం. ‘పదేళ్లుగా పడుంది, పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం’ అని అసోసియేషన్ తీర్మానం చేసేసుకుంటే కుదరదు. బండి మీది కాదు కాబట్టి అమ్మే హక్కు మీకు లేదు. రాతపూర్వకంగా నోటీసు అంటించి, ఫొటోలు తీసి, స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, వాళ్ల ద్వారానే కదిలించాలి. ఆరోగ్యానికి, భద్రతకు ముప్పుగా మారితే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు విన్నవించుకోవచ్చు. తొలగించమని ఆదేశించే అధికారం వారికి ఉంది.

ముప్పు అంటే మాటవరసకు అనడం లేదు. పాత టైర్లలో, విరిగిన బంపర్లలో నిలిచే వాన నీరే డెంగీ దోమకు ఇల్లు. బ్యాటరీ నుంచి కారే ఆమ్లం, ఇంజిన్ నుంచి కారే ఆయిలు మట్టిలోకి దిగుతాయి. బండి కాలువ గట్టు మీద ఉంటే అక్కడి నుంచి నీళ్లలోకి. వేసవిలో ఎండుగడ్డి మధ్య ఉన్న బండికి ఒక బీడీ ముక్క చాలు.

స్టేషన్లలో బండ్ల కుప్పలు ఎందుకు కరగడం లేదు?

దీని మీద సుప్రీంకోర్టు చెప్పి ఇరవై ఏళ్లు దాటింది. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, సీజ్ చేసిన బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదని స్పష్టం చేసింది. ఫొటోలు తీసుకుని, పంచనామా రాసి, బాండు, పూచీకత్తు తీసుకుని యజమానికి ఇచ్చేయాలంది. యజమాని రాకపోతే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. వాళ్లూ రాకపోతే వేలం వేయొచ్చు. ఇదంతా కోర్టు ముందుకు వచ్చిన ఆరు నెలల్లో తేలాలి.

ఎనిమిదేళ్ల తర్వాత అదే మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి కేసు పేరులోనే మన రాష్ట్రం ఉంది. 2010 నాటి జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు అది. ప్రమాదాల్లో, దొంగతనాల్లో దొరికిన బండ్లు స్టేషన్లలో కుళ్లిపోతున్నాయి, కోట్ల విలువైన ఆస్తి వృథా అవుతోందని బీమా కంపెనీల తరఫున కౌన్సిల్ కోర్టుకెక్కింది. 2002 నాటి ఆదేశాలను అందరూ పాటించాల్సిందేనని కోర్టు మరోసారి గుర్తుచేసింది.

2024 జులై 1 నుంచి అది కోర్టు మాట మాత్రమే కాదు, చట్టం మాట కూడా. కొత్త సురక్షా సంహితలోని సెక్షన్ 497 ప్రకారం, ఆస్తి తన ముందుకు వచ్చిన 14 రోజుల్లో కోర్టు దాని వివరాల పట్టిక తయారు చేయాలి. ఫొటోలు, అవసరమైతే వీడియో తీయించాలి. విచారణలో ఆ ఫొటోలే సాక్ష్యంగా పనికొస్తాయి. ఆ తర్వాత 30 రోజుల్లో బండిని ఎవరికి ఇవ్వాలో, ఏం చేయాలో ఆదేశించాలి. అంటే అటూ ఇటుగా నెలన్నర. పాత చట్టంలో ఇలాంటి గడువు లేదు.

యజమాని ఎవరో తెలియని బండికి వేరే దారి ఉంది. సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్ ప్రకటన ఇస్తారు. హక్కు ఉన్నవారు ఆరు నెలల్లో రావాలి. ఎవరూ రాకపోతే బండి ప్రభుత్వపరం. తర్వాత వేలం.

ప్రమాదం చేసిన బండికి ఇన్సూరెన్స్ లేకపోతే ఇంకా గట్టి నిబంధన ఉంది. బాధితుల పరిహారానికి తగిన పూచీ పెట్టనిదే బండిని వదలకూడదు. పూచీ పెట్టకపోతే మూడు నెలల తర్వాత వేలం వేసి, ఆ డబ్బును ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. అంటే స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టే ఆ లారీ నిజానికి ఎవరో ఒక కుటుంబానికి రావాల్సిన పరిహారంలో భాగం. బండి విలువ తగ్గే కొద్దీ ఆ డబ్బూ తగ్గుతుంది.

గంజాయి కేసుల్లో పట్టుబడిన బండి ఎప్పటికీ రాదన్నది మరో అపోహ. 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు దీని మీద స్పష్టత ఇచ్చింది. మాదకద్రవ్యాల చట్టంలో బండిని మధ్యంతరంగా విడుదల చేయడానికి అడ్డంకి ఏమీ లేదని, ఏ కేసుకు ఆ కేసు చూసి కోర్టులు నిర్ణయించవచ్చని చెప్పింది. అద్దెకిచ్చిన బండిలో డ్రైవరు సరుకు పెట్టి పట్టుబడితే, తెలియని యజమానికి ఇది ఊరట.

మరి గడువులున్నా కుప్పలెందుకు? పోలీసులు కోర్టు వైపు చూపిస్తారు. కోర్టులు దరఖాస్తు ఎవరూ వేయలేదంటాయి. ఫైనాన్స్ బాకీ ఉన్న బండికి యజమాని రాడు. బండి విలువ కంటే లాయరు ఫీజు, చలాన్లు ఎక్కువైతే అసలే రాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిం లేకపోతే దానికీ పట్టదు. గడువు అందరికీ ఉంది. గడువు దాటితే జవాబు చెప్పాల్సినవారు మాత్రం లేరు.

హైదరాబాద్‌లో సైబరాబాద్, రాచకొండ కమిషనరేట్లు వదిలేసిన బండ్ల జాబితాలు ప్రకటించి, ఆరు నెలల్లో వచ్చి తీసుకెళ్లమని చెప్పి, తర్వాత వేలం వేసిన సందర్భాలున్నాయి. నంబరు, మోడల్, ఏ స్టేషన్ ఆవరణలో ఉందన్న వివరాలతో ప్రతి స్టేషన్ జాబితా ఫోన్‌లో వెతికేలా ఆన్‌లైన్‌లో ఉంటే చాలు. ఎప్పుడో పోయిన బైకు కోసం ఎదురుచూస్తున్నవారికి అది అక్కడే దొరకొచ్చు.

మీరు అమ్మేసిన బండి.. ఇంకా మీదేనేమో!

ఈ కథనం రాసే ముందు నేనొక పని చేశాను. ఐదేళ్ల క్రితం అమ్మేసిన నా బైకు నంబరు యాప్‌లో కొట్టి చూశాను. చుక్కల మధ్య కనిపించిన అక్షరాలు నా పేరువే. కొన్నాయన ‘రేపే మార్పించుకుంటా బ్రదర్’ అన్నాడు. నేను డబ్బు లెక్కపెట్టుకుని తాళం ఇచ్చేశాను. ఆ బైకు ఇప్పుడు ఎవరి దగ్గరుందో, ఏ పొదల్లో ఉందో నాకు తెలియదు. చట్టం దృష్టిలో మాత్రం అది నాదే.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదని మీకూ తెలుసు. దీని ఫలితం ఏమిటో 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారు ఒకరి నుంచి ఒకరికి చాలా చేతులు మారింది. ఆర్సీ మాత్రం మారలేదు. ప్రమాదం జరిగాక పరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్న వచ్చింది. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వారే యజమాని అని కోర్టు తేల్చింది. బాధితులు చేతులు మారిన వాళ్ల వెంట తిరగాల్సిన అవసరం లేదంది.

2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారూ చేతులు మారిన పాత బండే. దర్యాప్తు అధికారులు నంబరు పట్టుకుని మొదట వెళ్లింది రికార్డుల్లో పేరున్న మనిషి దగ్గరికి. ఆయన ఎప్పుడో అమ్మేశానని చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి రోజు మీ దగ్గర ఒక్క కాగితం ఉందా లేదా అన్నదే మీ రక్షణ.

అమ్మేటప్పుడు చేయాల్సింది ఇదీ. సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో అమ్మినవారే రవాణా శాఖకు తెలపాలి. దానికి ఫారం 29. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరు మీదకు మార్చుకోవాలి. దానికి ఫారం 30. కొన్నాయన సంగతి ఆయన చూసుకుంటాడని వదిలేయకండి. మీ వంతు మీరు చేసి, రసీదు దాచుకోండి.

సెకండ్ హ్యాండ్ షోరూంకు ఇస్తుంటే, ఆ డీలరుకు అనుమతి ఉందో లేదో అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న డీలరుకు బండి ఇచ్చినట్టు పోర్టల్‌లో నమోదైతే, మళ్లీ అమ్ముడుపోయే దాకా బాధ్యత డీలరుదే. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇస్తే ఆ రక్షణ ఉండదు.

ఆటో, లారీ వంటి ట్రాన్స్‌పోర్టు బండ్ల యజమానులకు ఇంకో మాట. బండి నడపకుండా ఆపేస్తే ముందుగానే రవాణా శాఖకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే బండి తిరుగుతున్నట్టే లెక్క. మూలన పడున్నా త్రైమాసిక పన్ను, దాని మీద జరిమానా పెరుగుతూనే ఉంటాయి. చివరికి తుక్కు కింద అమ్మబోతే ఆ బాకీయే అడ్డుపడుతుంది.

బుడమేరులో మునిగిన బండి సంగతేంటి?

వరద తర్వాత ప్రభుత్వం ప్రకటించిన సాయంలో ద్విచక్ర వాహనానికి రూ.3,000, ఆటోకు రూ.10,000 ఉన్నాయి. ఇన్సూరెన్స్ ఉన్నవారు క్లెయింలు పెట్టుకున్నారు. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీలు దాన్ని ‘టోటల్ లాస్’గా లెక్కిస్తాయి. మీకు డబ్బు ఇచ్చి, శిథిలాన్ని వేరేవాళ్లకు అమ్మేస్తారు.

చాలామంది ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. బండి పోయింది, ఆర్సీ మాత్రం బతికుంది. పాత ఇనుముగా వెళ్లిన బండి కాగితాలను, అదే మోడల్ దొంగ బండికి తగిలించి అమ్మడం పాత మోసం. మీ పేరు మీదున్న నంబరుతో ఇంకో బండి రోడ్డెక్కుతుంది.

సెక్షన్ 55 దీనికోసమే ఉంది. బండి పూర్తిగా నాశనమైనా, ఇక ఎప్పటికీ పనికిరాకుండా పోయినా, 14 రోజుల్లో లేదా వీలైనంత త్వరగా రవాణా శాఖకు తెలిపి ఆర్సీ అప్పగించాలి. రిజిస్ట్రేషన్ రద్దయినట్టు ధ్రువీకరణ తీసుకోవాలి. వరదలో బండి పోగొట్టుకుని ఈ పని చేయనివారు ఇప్పుడైనా చేయండి. ఆలస్యమైనా, అసలు చేయకపోవడం కంటే మేలు.

తుక్కు చేయాలంటే ఎక్కడికి?

పాత బండి అనగానే బెజవాడ వాళ్లకు గుర్తొచ్చేది జవహర్ ఆటోనగర్. బాడీ బిల్డింగ్ నుంచి పాత స్పేర్ల దాకా దొరకనిది లేదు. అక్కడి పనితనానికి వంక పెట్టలేం. కానీ స్పేర్ల కోసం విప్పి అమ్మడం వేరు, చట్టబద్ధంగా తుక్కు చేయడం వేరు. మొదటి దాంట్లో డబ్బు చేతికొస్తుంది, నంబరు మీ పేరునే ఉండిపోతుంది.

2021 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలు ఉంటాయి. మీరు బండి అప్పగిస్తే, అది దొంగ బండుల జాబితాలో ఉందా, ఫైనాన్స్ బాకీ ఉందా, పన్నులు పెండింగులో ఉన్నాయా అని చూసి తీసుకుంటారు. బండి అప్పగించినట్టు ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ ఇస్తారు. తుక్కు చేశాక మరో సర్టిఫికెట్ వస్తుంది. ఛాసిస్ నంబరు ఉన్న ఇనుప ముక్కను కోసి కొంతకాలం భద్రపరుస్తారు. ఎవరైనా తర్వాత ప్రశ్నిస్తే చూపడానికి. పోలీసులు, ఇతర శాఖలు స్వాధీనం చేసుకున్నవి, వదిలేసినవి కూడా ఇక్కడికి పంపొచ్చని ఆ నిబంధనలే చెబుతున్నాయి.

మీకేం లాభం? ఆ డిపాజిట్ సర్టిఫికెట్ చూపించి కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. మోటారు వాహన పన్నులో సొంత బండికి 25 శాతం, ట్రాన్స్‌పోర్టు బండికి 15 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రాష్ట్రాలకు వీలు కల్పించింది. కొనే ముందు మీ రవాణా శాఖ కార్యాలయంలో ప్రస్తుత శాతం అడిగి తెలుసుకోండి.

2025 ఏప్రిల్ 1 నుంచి మరో బాధ్యత కూడా వచ్చింది. జీవితకాలం ముగిసిన వాహనాల మీద కేంద్ర పర్యావరణ శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, బండి ఆ స్థితికి చేరాక 180 రోజుల్లో స్క్రాపింగ్ కేంద్రానికో, కంపెనీ సేకరణ కేంద్రానికో అప్పగించాల్సింది యజమానే. బండ్లు తయారుచేసే కంపెనీల మీదా తుక్కు లక్ష్యాలు పెట్టారు. అంటే ఇంటి ముందు బండిని కుళ్లబెట్టడం ఇక సొంత ఇష్టం కాదు.

పొదల్లో బండి కనిపిస్తే..

దగ్గరికి వెళ్లొద్దు. పాములుంటాయి, గాజు ముక్కలుంటాయి. అంతకు మించి, అది నేరానికి వాడిన బండి అయితే మీ వేలిముద్రలు అక్కడ ఉండటం ఎవరికీ మంచిది కాదు.

దూరం నుంచి ఫొటో తీయండి. నంబరు, చుట్టుపక్కల గుర్తు, లొకేషన్ నోట్ చేసుకోండి. రోడ్డు పక్కన, ఊరి శివార్లలో అయితే 112కు చెప్పండి. అడవిలో అయితే అటవీ రేంజ్ కార్యాలయానికి, పోలీసులకూ చెప్పండి. రోజుల తరబడి స్పందన లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

జనసమ్మర్దం ఉన్న చోట కొత్తగా కనిపించిన బండి అయితే అసలు ఆలస్యం చేయొద్దు. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టింది సైకిళ్ల మీద. అనుమానం తప్పైతే నష్టం ఒక ఫోన్ కాల్ మాత్రమే.

‘ఎలాగూ వదిలేసిందే కదా’ అని స్టెప్నీయో, బ్యాటరీయో తెచ్చుకోవద్దు. దొరికిన సొత్తును దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కింద కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ల జైలు. అది దొంగ సొత్తని తెలిసి తీసుకుంటే కేసు ఇంకా పెద్దది.

ఫొటోను నంబరు కనిపించేలా గ్రూపుల్లో తిప్పడమూ మంచిది కాదు. ఆ నంబరు యజమాని నేరస్తుడు కాకపోవచ్చు. బండి పోగొట్టుకుని ఎఫ్ఐఆర్ పట్టుకుని తిరుగుతున్నవాడు కావచ్చు. లేదా నాలాగా పేరు మార్పించడం మరిచిపోయినవాడు కావచ్చు.

ఈ కథనం మూసే ముందు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఇప్పటివరకు కొని, అమ్మి, ఇచ్చేసి, వదిలేసిన బండ్లన్నీ గుర్తుచేసుకోండి. నాన్నగారి స్కూటరు, మీ కాలేజీ బైకు, వరదలో పోయిన ఆటో. ఒక్కో నంబరు యాప్‌లో కొట్టి చూడండి. పేరు ఇంకా మీ ఇంటిదే అయితే రేపే ఫారం 29తో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లండి. కొన్నవారి ఆచూకీ తెలియకపోతే అమ్మిన కాగితం, డబ్బు వచ్చిన రుజువు జతచేసి అక్కడ రాసివ్వండి, స్టేషన్‌లోనూ ఒక ఫిర్యాదు ఇవ్వండి. నేను ఈ వారం వెళ్తున్నాను.